సాచురేషన్ 98. అయితే ఏమిటి?

“సాచురేషన్ 98 ఉందండీ, కంగారు పడకండి.” కరోనా వచ్చి పోయాక పిల్లల ఆసుపత్రుల వరండాల్లో ఈ మాట వినపడని రోజు ఉండదు. డ్యూటీ డాక్టరు చెబుతాడు, స్టాఫ్ నర్సు చెబుతుంది, ఊళ్లో ఆర్‌ఎంపీ చెబుతాడు. చివరికి మందుల షాపులో వేలికి తగిలించే క్లిప్పు కొనుక్కొచ్చిన మేనమామ కూడా చెబుతాడు. విన్న తల్లి కాస్త తెరిపిన పడుతుంది. 2020, 2021 సంవత్సరాల్లో 94 అనే అంకె ఇంటింటా కంఠస్థమైంది. పైన ఉంటే ఇంట్లో ఉండొచ్చు, కిందికి దిగితే పరుగెత్తాలి. ఊపిరితిత్తులను పట్టే ఆ జబ్బుకు ఆ లెక్క పనికొచ్చింది. దాన్నే అన్ని జబ్బులకూ, అందులోనూ ఐసీయూలో ప్రాణాల మీదికి వచ్చిన పసిపిల్లలకూ అంటగట్టడం మీదే నా పేచీ.

ఆ వాదన నడక చూడండి. ఒంటికి కావాల్సింది ఆక్సిజన్. ఆక్సిజన్ ఎంత ఉందో మానిటర్ చెబుతోంది. అంకె బాగుంది. కనుక బిడ్డ బాగుంది. వినడానికి నున్నగానే ఉంది గానీ రెండో మెట్టు దగ్గరే జారిపోయింది. మానిటర్ చెప్పేది, ధమనుల్లో పోతున్న రక్తంలోని హిమోగ్లోబిన్‌లో నూటికి ఎన్ని పాళ్లు ఆక్సిజన్‌ను పట్టుకుని ఉన్నాయన్న ఒక్క సంగతే. అసలు ఆ హిమోగ్లోబిన్ ఎంత ఉంది? రక్తం ఏ ఉరవడితో కదులుతోంది? మెదడుకూ, మూత్రపిండాలకూ, పేగులకూ చేరుతోందా? చేరిన ఆక్సిజన్‌ను కణాలు వాడుకోగలుగుతున్నాయా? వీటిలో ఒక్కదానికీ ఆ అంకె దగ్గర జవాబు లేదు.

కాస్త లెక్క వేద్దాం, ఇదేమీ పెద్ద లెక్క కాదు. ఒక గ్రాము హిమోగ్లోబిన్ నిండా ఆక్సిజన్ ఎక్కితే సుమారు 1.34 మిల్లీలీటర్లు మోస్తుంది. హిమోగ్లోబిన్ 12 గ్రాములు, సాచురేషన్ 98 ఉన్న బిడ్డ రక్తంలో ప్రతి 100 మిల్లీలీటర్లకూ దగ్గరదగ్గర 15.8 మిల్లీలీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. పక్క మంచం మీద బిడ్డకు హిమోగ్లోబిన్ 5, సాచురేషన్ నూటికి నూరు. ఆ బిడ్డ రక్తంలో ఉన్నది 6.7 మిల్లీలీటర్లే. సగం కూడా లేదు. మానిటర్ మీద మాత్రం ఫస్టు మార్కు ఈ బిడ్డదే. ఇదెక్కడో పుస్తకాల్లో ఉండే అరుదైన కేసు అనుకోవడానికి వీల్లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో ఆరు నెలలు నిండి ఐదేళ్లు దాటని పిల్లల్లో దేశం మొత్తం మీద 67 శాతానికి రక్తహీనత ఉంది. తెలంగాణలో అది 70 శాతం. వీళ్లందరికీ హిమోగ్లోబిన్ 5కు పడిపోలేదు, నిజమే. కానీ 8 గ్రాములతో న్యుమోనియా తెచ్చుకున్న బిడ్డ మన వార్డుల్లో రోజూ కనపడే బిడ్డే. 98 చూపించినా ఆ బిడ్డ మోస్తున్నది 10.5 మిల్లీలీటర్లు, అంటే మొదటి బిడ్డ మోసినదాంట్లో మూడింట రెండు వంతులు.

అది రక్తం ఎత్తిన బరువు సంగతి. బరువు ఎత్తుకోవడం ఒకటి, చేరవేయడం మరొకటి. సాగర్ కాలువ తలదగ్గర గేజీ చూసి నీటిమట్టం నిండుగా ఉందని ఇంజినీరు రాసుకుంటాడు. అదే రోజు చివరి ఆయకట్టులో మడి నెర్రెలిచ్చి ఉంటుంది. గేజీ అబద్ధం చెప్పలేదు, రైతూ అబద్ధం చెప్పడం లేదు. తూములు ఎక్కడ మూశారో, నీళ్లు ఎవరి మళ్లకు మళ్లాయో గేజీకి తెలియదు. పిల్లల ఒంట్లో షాక్ అంటే జరిగేది అదే.

తెలుగు జిల్లాల్లో ప్రతి వానాకాలం ఇది కళ్లముందు జరుగుతుంది, డెంగీ రూపంలో. నాలుగైదు రోజులు మంటలా కాలిన ఒళ్లు చల్లబడుతుంది. ఇంటిల్లిపాదీ హమ్మయ్య అనుకుంటారు. ప్రమాదం మొదలయ్యేది సరిగ్గా అప్పుడే. సన్నటి రక్తనాళాల గోడలు కారడం మొదలై, రక్తంలోని నీరు పొట్టలోకీ ఛాతీలోకీ జారిపోతుంది. గుండె వేగం పెంచుతుంది. ఉన్న కాస్త రక్తాన్నీ మెదడుకూ గుండెకూ అట్టిపెట్టుకోవడానికి ఒళ్లు చర్మానికీ, పేగులకూ, మూత్రపిండాలకూ తూములు మూసేస్తుంది. పైబీపీ ఇంకా మామూలుగానే ఉంటుంది, కిందిబీపీ మాత్రం పైకి ఎగబాకుతుంది. రెండింటి మధ్య తేడా 20 మిల్లీమీటర్లకో, అంతకంటే తక్కువకో పడిపోతుంది. అరికాళ్లు చల్లబడతాయి. గోరు నొక్కి వదిలితే తెల్లదనం పోయి ఎరుపు రావడానికి రెండు సెకన్లకు మించి పడుతుంది. మధ్యాహ్నం నుంచి ఒంటికి పోయలేదని అమ్మమ్మ గుర్తుచేస్తుంది. ఇంత జరుగుతున్నా పిల్లాడు తెలివిగానే ఉంటాడు, పిలిస్తే పలుకుతాడు, సెల్‌ఫోన్ కావాలంటాడు.

సాచురేషన్ చూస్తే 98.

ఎందుకుండదు? ఊపిరితిత్తులు ఇంకా బాగానే ఉన్నాయి. వాటి గుండా పోతున్న రక్తం కొద్దిపాటిదైనా నిండుగా ఆక్సిజన్ ఎక్కించుకునే పోతోంది. అంకె పడిపోయే సరికి ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరి ఉంటుంది, లేదా గుండె చేతులెత్తేసి ఉంటుంది. అప్పుడు చేసే వైద్యం మొదట్లో చేయాల్సిన వైద్యం కాదు. డెంగీలో మనవాళ్లు రెండు అంకెల వెంటే పడతారు, ప్లేట్‌లెట్లు ఎన్ని, సాచురేషన్ ఎంత అని. బీపీల మధ్య తేడా ఎంత, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల పాలు) ఎటు పోతోంది అని అడిగేవాళ్లు కనపడరు. ప్రాణం తీసే సంగతి తెలిసేది ఆ రెండింటిలోనే.

ఇంకో సంగతి చూడండి, వార్డులో పనిచేసినవాళ్లకు ఇది కొత్త కాదు. వేళ్లు చల్లబడిన పిల్లాడికి క్లిప్పు పెడితే మానిటర్ కాసేపు గీతలు గీసి ఊరుకుంటుంది, అంకె రాదు. వేలు మారుస్తారు. రుద్ది వెచ్చచేస్తారు. కాలి బొటనవేలికి పెడతారు, చెవితమ్మెకు పెడతారు. ఎక్కడో ఒకచోట 97 వస్తుంది. ఆ 97ను షీట్ మీద రాస్తారు. నాలుగు చోట్ల యంత్రానికి నాడి దొరకలేదన్నది షీట్ మీద ఎక్కడా ఉండదు. ఆ పిల్లాడి గురించి యంత్రం చెప్పిన అసలు వార్త అదే, దాన్ని చెరిపేసి పనికిరాని అంకెను భద్రపరిచారు.

ఈ యంత్రాన్ని తిట్టడం నా ఉద్దేశం కాదు. 1970ల మొదట్లో జపాన్‌లో తకువో అయోయాగి అనే ఇంజినీరు దీని వెనక ఉన్న ఆలోచనను పట్టుకున్నాడు. ఎర్రటి కాంతిని, కంటికి కనపడని పరారుణ కాంతిని వేలిలోంచి పంపి, నాడి కొట్టుకున్నప్పుడల్లా మారే భాగాన్ని మాత్రమే వేరు చేస్తే ధమని రక్తం సంగతి తెలుస్తుందన్నదే ఆ కిటుకు. మత్తు వైద్యంలో అది తెచ్చిన భద్రత అందరూ ఒప్పుకున్నదే. న్యుమోనియా బిడ్డ పెదవులు నీలంగా మారేదాకా కంటికి తెలియని ఆక్సిజన్ లోటును అది ముందే పట్టిస్తుంది. రక్తం మరీ తక్కువగా ఉన్న బిడ్డ పెదవులు నీలంగా మారనే మారవు, అక్కడ కంటికంటే ఈ క్లిప్పే నయం. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ పిల్లల వేలికి సరిపోయే క్లిప్పు ఉండాలని ఎవరైనా అడిగితే నేనూ గొంతు కలుపుతాను. అది చెప్పే ఒక్క సంగతిని అన్ని సంగతులకూ జవాబుగా చెలామణీ చేయడాన్నే తప్పుపడుతున్నాను.

పైగా ఆ ఒక్క సంగతిలోనూ దానికి లోపాలున్నాయి. అది చూపే శాతాలను ఆరోగ్యవంతులైన పెద్దవాళ్ల మీద కొలిచి సరిచూసుకున్నారు, మంచం పట్టిన పసివాళ్ల మీద కాదు. 2020 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో మిషిగన్ వైద్యులు ఒక పోలిక అచ్చువేశారు. క్లిప్పు 92 నుంచి 96 మధ్య చూపిస్తున్న రోగుల్లో నిజానికి ఆక్సిజన్ 88కి దిగువన ఉన్నవాళ్లు తెల్లవాళ్లలో 3.6 శాతమైతే నల్లవాళ్లలో 11.7 శాతం. మరుసటి ఏడాది అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరిక ఇచ్చింది. చామనఛాయ, నలుపు మనకు ఇంటి రంగులు. ఆ వార్త చదివి మన దగ్గర మానిటర్లు కొనే పద్ధతిలో ఏం మారిందో నాకు కనపడలేదు. ఇంకో లోపం, బాత్‌రూంలో గ్యాస్ గీజర్ పెట్టి తలుపు బిగించుకుని స్పృహ తప్పిన పిల్లకు క్లిప్పు పెడితే 98 అనే చూపిస్తుంది, కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్ దాని కంటికి ఆక్సిజన్ పట్టినదానిలాగే కనపడుతుంది.

98 కాదు, 100 ఉండాలనే పట్టుదల ఇంకొకటి. ఆక్సిజన్ పెట్టి నూరు చేయించి, ఇక ఫరవాలేదంటారు. ఆక్సిజన్ పెట్టిన బిడ్డకు 100 కనపడితే, రక్తంలో ఆక్సిజన్ పీడనం సరిపడా ఉందో, దానికి మూడు నాలుగు రెట్లు ఉందో ఆ అంకె చెప్పలేదు. నెలలు నిండక పుట్టిన బిడ్డలకు విచ్చలవిడిగా ఆక్సిజన్ పెట్టి చూపు పోగొట్టిన చరిత్ర 1940లు, 50లలో పడమటి దేశాల్లో ఉంది. చూపు తీసే ఆ జబ్బు ఇప్పటికీ మన నవజాత శిశు వార్డుల్లో ఉంది. ఇక ఐసీయూలోని పెద్ద పిల్లల సంగతి. బ్రిటన్‌లోని 15 పిల్లల ఐసీయూల్లో 2,040 మంది మీద చేసిన ఆక్సీ-పీఐసీయూ పరీక్ష ఫలితం 2023లో లాన్సెట్‌లో వచ్చింది. వెంటిలేటర్ మీద ఉన్న పిల్లల్లో సగం మందికి సాచురేషన్‌ను 88–92 మధ్య ఉంచారు, మిగతా సగానికి 94 పైన ఉంచారు. తక్కువలో ఉంచినవాళ్లకు నష్టం జరగలేదు సరికదా, అవయవాలకు యంత్రాల ఊతం అవసరమైన కాలాన్నీ మరణాలనూ కలిపి చూస్తే కొద్దిగా మేలే జరిగింది. ఇది నిపుణులు చేతిలో పట్టుకుని నడిపించిన పరీక్ష, ఇంట్లో క్లిప్పు పెట్టుకుని 90 చాలనుకోవడానికి లైసెన్సు కాదు. నూరే ఆరోగ్యం అనే నమ్మకానికి ఆధారం లేదని చెప్పడానికి మాత్రం చాలు.

ఇంతవరకూ చదివిన కొందరు నాతో ఏకీభవిస్తూనే మరో దారి పట్టారని నాకు తెలుసు. సాచురేషన్ చాలదు, సరే, అయితే కణజాలం దగ్గరికే వెళ్లి కొలుద్దాం, యంత్రం ఉందిగా అంటారు. ఉంది. పేరు నియర్ ఇన్‌ఫ్రారెడ్ స్పెక్ట్రోస్కోపీ, ఐసీయూ భాషలో నిర్స్. 1977లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఫ్రాన్స్ యోబ్సిస్ దీనికి పునాది వేశాడు. ఎరుపుకు కాస్త అవతల ఉన్న కాంతి చర్మాన్నీ ఎముకనూ దాటి లోపలికి పోగలదు, ఆక్సిజన్ ఉన్న హిమోగ్లోబిన్, లేని హిమోగ్లోబిన్ దాన్ని వేర్వేరుగా పీల్చుకుంటాయి. నుదుటి మీద ఒక స్టిక్కరు అతికిస్తే మెదడు పైపొర సంగతి, నడుం వెనక ఒకటి అతికిస్తే మూత్రపిండం వైపు సంగతి తెలుస్తాయి. సూది గుచ్చడం లేదు, రక్తం తీయడం లేదు. పసిబిడ్డల పుర్రె పలచన, ఒళ్లు చిన్నది, కాబట్టి కాంతి పెద్దవాళ్లలో కంటే వాళ్లలోనే బాగా పోతుంది. గుండె ఎడమ భాగం సరిగా ఎదగక పుట్టిన బిడ్డలకు నార్‌వుడ్ ఆపరేషన్ చేశాక, మెదడుకూ నడుముకూ రెండు స్టిక్కర్లు పెట్టి రక్తప్రసరణ ఎటు జారుతోందో గంటగంటకూ కనిపెట్టే పద్ధతిని అమెరికాలో మిల్వాకీ వైద్యులు బాగా ముందుకు తెచ్చారు. ఆ చోట ఆ పరికరం విలువను నేను కాదనను. ఆ బిడ్డల సాచురేషన్ ఎలాగూ 75–85 మధ్యే ఉంటుంది, అక్కడ 98 అనే ఊరట మాట ఎవరికీ దొరకదు.

పేచీ ఎక్కడ మొదలవుతుందంటే, ఆ చోటు దాటి “ప్రతి పిల్లల ఐసీయూ పడకకూ నిర్స్ ఉండాలి, లేకపోతే వెనకబడిన ఆసుపత్రి” అన్నప్పుడు. కార్పొరేట్ ఆసుపత్రుల బ్రోచర్లలో, వైద్య సదస్సుల స్టాళ్లలో ఈ ధోరణి కనపడుతుంది. సాచురేషన్ పూజను తిట్టినవాళ్లే ఇంకో అంకెకు కొబ్బరికాయ కొడుతున్నారు.

రుజువులు చూద్దాం. నెలలు బాగా తక్కువగా పుట్టిన 166 మంది బిడ్డల మీద యూరప్‌లో చేసి 2015లో ప్రచురించిన సేఫ్‌బూస్క్-2 పరీక్షలో, నిర్స్ చూస్తూ వైద్యం చేస్తే మెదడు ఆక్సిజన్ హద్దులు దాటే భారం సగానికి పైగా తగ్గింది. చప్పట్లు మోగాయి. అంకె మెరుగైతే బిడ్డ మెరుగైనట్టే అనుకున్నారు, సాచురేషన్ విషయంలో అనుకున్నట్టే. తర్వాత అదే బృందం పెద్ద పరీక్ష చేసింది. సేఫ్‌బూస్క్-3లో 17 దేశాల నుంచి 28 వారాలు నిండకుండా పుట్టిన 1,601 మంది బిడ్డలను తీసుకున్నారు. సగం మందికి పుట్టిన ఆరు గంటల్లోపే స్టిక్కరు అతికించి, మూడు రోజులపాటు దాని ప్రకారం వైద్యం చేశారు. 2023లో ఫలితం వచ్చింది. చనిపోయిన, లేదా మెదడుకు తీవ్ర గాయమైన బిడ్డలు నిర్స్ పెట్టిన గుంపులో 35.2 శాతం, పెట్టని గుంపులో 34 శాతం. తేడా లేదు. అదే ఏడాది కాస్‌గాడ్-3 అనే పరీక్ష, 607 మంది బిడ్డలకు పుట్టిన మొదటి పదిహేను నిమిషాల్లో ఇదే పని చేసి, మెదడు గాయం లేకుండా బతికినవాళ్లు 82.9 శాతం, మామూలు వైద్యంలో 78.5 శాతం అని చెప్పింది. మొగ్గు కనపడింది గానీ యాదృచ్ఛికం కాదనేంత గట్టిది కాదు.

“అవి పురిటి బిడ్డల సంగతి, షాక్‌లో ఉన్న ఆరేళ్ల పిల్లాడికి అవి వర్తించవు” అనొచ్చు. ఒప్పుకుంటాను. అప్పుడు ఆ ఆరేళ్ల పిల్లాడికి మేలు జరుగుతుందని చూపించాల్సిన పూచీ అమ్మేవాడి మీదా, కొని బిల్లు వేసేవాడి మీదా పడుతుంది. చూపించేదాకా దాన్ని తప్పనిసరి అనడానికి వీల్లేదు.

అంకె మెరుగైనా బిడ్డ ఎందుకు మెరుగుపడదో ఊహించడం కష్టం కాదు. స్టిక్కరు కింద కాంతి పోయేది రెండు మూడు సెంటీమీటర్ల లోతుకే. అది చూపే అంకెలో దాదాపు మూడొంతులు సిరల రక్తానిది, అంటే కణజాలం వాడుకోగా మిగిలినది. మామూలు బిడ్డ మెదడు దగ్గర అది 60 నుంచి 80 మధ్య తిరుగుతుంది. ఒక కంపెనీ యంత్రం 65 అన్నచోట మరో కంపెనీ యంత్రం 72 అనగలదు. వెంటిలేటర్ మీద ఊపిరి వేగం పెంచి కార్బన్ డయాక్సైడ్‌ను దించితే మెదడు రక్తనాళాలు ముడుచుకుని అంకె పడుతుంది. కామెర్లు బాగా ముదిరిన బిడ్డలో లెక్క చెదురుతుంది. అన్నిటికంటే ఇబ్బందికరమైనది సెప్సిస్. ఇన్‌ఫెక్షన్ ఒళ్లంతా పాకినప్పుడు కణాలు తమ దగ్గరికి వచ్చిన ఆక్సిజన్‌ను వాడుకోలేని స్థితికి రావచ్చు. వాడుకోకపోతే మిగులు పెరుగుతుంది. మిగులు పెరిగితే నిర్స్ అంకె అందంగా కనపడుతుంది. కణం ఆకలితో చస్తున్న చోట యంత్రం కడుపు నిండిందని రాస్తుంది. దాన్ని చూసి ధైర్యం తెచ్చుకునే డాక్టరుకూ, 98 చూసి ధైర్యం తెచ్చుకున్న మేనమామకూ తేడా చదువులోనే.

అయితే చేతులతో తాకి చూడటమే పరమ వైద్యం, యంత్రాలన్నీ దండగ అందామా? అదీ కుదరదు. నా వాదనను అటువైపు లాగేవాళ్లతోనూ నాకు తగవే.

చేతి పరీక్షకు బలం ఉంది. లాటిన్ అమెరికాలోని 28 ఆసుపత్రుల్లో 424 మంది పెద్దవాళ్ల మీద జరిగిన ఆండ్రోమెడా-షాక్ పరీక్ష ఫలితం 2019లో వచ్చింది. సెప్టిక్ షాక్‌లో ఒక గుంపుకు, కణాలకు ఆక్సిజన్ చాలనప్పుడు రక్తంలో పెరిగే లాక్టేట్‌ను చూస్తూ, రెండో గుంపుకు వేలికొన నొక్కి ఎరుపు తిరిగొచ్చే కాలాన్ని (సీఆర్‌టీ) చూస్తూ వైద్యం చేశారు. నాలుగు వారాల్లో చనిపోయినవాళ్లు లాక్టేట్ గుంపులో 43.4 శాతం, వేలు నొక్కిన గుంపులో 34.9 శాతం. గణాంకాల గీత దాటలేదు, అంతదాకా వచ్చి ఆగింది. ఖర్చు లేని పరీక్ష ల్యాబు పరీక్షకు ఏమాత్రం తీసిపోలేదన్నది మాత్రం తేలింది. ఆ నొక్కడానికీ పద్ధతి ఉంది. వేలిని గుండె ఎత్తులో పెట్టి, ఐదు సెకన్లు గట్టిగా నొక్కి, వదిలి, గడియారం చూసి లెక్కపెట్టాలి. ఏసీ చలికి గడ్డకట్టిన గదిలో నొక్కి మూడు సెకన్లంటే చెల్లదు. మాటవరసకు ఒకసారి గోరు గిల్లి “సీఆర్‌టీ నార్మల్” అని రాయడం మన వార్డుల అలవాటు. అది పరీక్ష కాదు, సంతకం.

చేతి పరీక్షకు హద్దులూ ఉన్నాయి. కెన్యా, ఉగాండా, టాంజానియాల్లో 3,141 మంది జ్వరపు పిల్లల మీద చేసిన ఫీస్ట్ పరీక్ష 2011లో వైద్యలోకాన్ని నిలబెట్టి అడిగింది. చేతులు చల్లబడటం, ఎరుపు ఆలస్యంగా రావడం, నాడి బలహీనపడటం వంటి గుర్తులు చూసి, గబగబా సెలైన్ గానీ అల్బుమిన్ గానీ ఎక్కించిన గుంపుల్లో రెండు రోజుల్లో చనిపోయిన పిల్లలు వరసగా 10.5, 10.6 శాతం ఉన్నారు. అలా ఎక్కించని గుంపులో 7.3 శాతం. వాళ్లలో ఎక్కువమందికి మలేరియా, దాదాపు మూడో వంతుకు హిమోగ్లోబిన్ 5కు దిగువన. అలాంటి రక్తంలో సెలైన్ కలిపితే మోసే బరువు ఇంకా తగ్గుతుంది. రక్తప్రసరణ తగ్గిందని చేతితో కనిపెట్టడం సరైనదే కావచ్చు, ఆ వెంటనే చేతికి అందిన సీసా తగిలించడం సరైనది కాకపోవచ్చు. డెంగీలో కొలిచి ఇచ్చే సెలైనే ప్రాణం నిలుపుతుంది, తీవ్ర రక్తహీనతతో వచ్చిన మలేరియాలో అదే ప్రాణం తీయొచ్చు. 2020లో వచ్చిన పిల్లల సెప్సిస్ మార్గదర్శకాలు కూడా చేతులు వెచ్చగా ఉన్నాయా చల్లగా ఉన్నాయా అన్నదొక్కటే చూసి షాక్‌కు రకం పేరు పెట్టొద్దన్నాయి. లాక్టేట్ పోకడను, పరీక్షలో కనపడేదాన్ని కలిపి చూడమన్నాయి. లాక్టేట్‌దీ అదే కథ, అడ్రినలిన్ ఎక్కిస్తున్న బిడ్డలో ఆ మందువల్లే పెరగగలదు. ఏ ఒక్కదానికీ ఏకఛత్రాధిపత్యం ఇవ్వలేం.

కణజాలానికి ఆక్సిజన్ అందుతోందా అన్న ప్రశ్నకు సూటిగా జవాబిచ్చే ఒక్క అంకె ఇంకా పుట్టలేదు. సాచురేషన్, హిమోగ్లోబిన్, నాడి, రెండు బీపీల మధ్య తేడా, అరికాలి చల్లదనం, గోటి కింద ఎరుపు, గంటకు కిలోకు ఎంత మూత్రం, లాక్టేట్ ఎటు పోతోంది, పిల్లాడు తల్లిని గుర్తుపడుతున్నాడా లేదా, స్టిక్కరు ఉన్నచోట దాని పోకడ. వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి, గంట కిందటి వాటితో పోల్చి, ఒక మనిషి నిర్ణయించాలి. అందులో ఏ రెండు ఒకదానితో ఒకటి పొసగకపోయినా అక్కడ ఆగాలి. సాచురేషన్ 98, అరికాళ్లు మంచుముద్దలు అంటే ఆ రెండోదాన్నే నమ్మాలి, మొదటిది దాన్ని కొట్టివేయలేదు.

ఇంత తెలిసీ ఒక అంకెకే ఎందుకు అతుక్కుంటున్నామంటే, మిగతా వాటికి మనిషి కావాలి. క్లిప్పు రాత్రంతా నిద్రపోదు, డ్యూటీ మారమనదు. గంటగంటకూ వేలు నొక్కి, మూత్రం సంచి చూసి, కాలు తాకి, రాసిపెట్టడానికి నర్సు ఉండాలి, ఆ నర్సు చేతికింద చూసుకోగలిగినన్ని పడకలే ఉండాలి. ఆసుపత్రి యాజమాన్యాలకు మానిటర్ పెట్టుబడి, నర్సు ఖర్చు. ప్రభుత్వ ఆసుపత్రికి వచ్చేసరికి యంత్రానికి ప్రారంభోత్సవం ఉంటుంది, రిబ్బను కత్తిరించి ఫొటో దిగొచ్చు, నర్సు పోస్టు భర్తీకి ఎవరూ రిబ్బను కట్టరు. కౌన్సెలింగ్ గదిలో కూడా “సాట్ 98” అనడం తేలిక. “మూత్రం తగ్గింది, చేతులు చల్లగా ఉన్నాయి, కిందిబీపీ పెరుగుతోంది, ఈ ఆరు గంటలు కీలకం” అని చెప్పాలంటే కూర్చోవాలి, చెప్పాలి, తల్లి ముఖంలోకి చూడాలి.

కాబట్టి ఏ కలెక్టరైనా, ఏ ట్రస్టయినా, ఏ కార్పొరేట్ దాతైనా పిల్లల ఐసీయూకు నిర్స్ యంత్రం కొనిస్తానంటే, గుండె ఆపరేషన్లు జరిగే చోట తప్ప, మర్యాదగా వద్దనమని నా సలహా. ఆ డబ్బుతో రాత్రి డ్యూటీకి ఇద్దరు నర్సులు, నిమిషాల్లో లాక్టేటూ హిమోగ్లోబినూ చెప్పే చిన్న బ్లడ్ గ్యాస్ మిషను, అది ఆగకుండా నడవడానికి కార్ట్రిడ్జులు అడగండి. సాచురేషన్ రాసే ప్రతి గడి పక్కన హిమోగ్లోబిన్‌కు ఒక గడి, సీఆర్‌టీ సెకన్లకు ఒక గడి అచ్చువేయించండి. దానికి రూపాయి ఖర్చు కూడా లేదు.

ఇక బెంచీ మీద కూర్చున్న తల్లిదండ్రులకు. మీ బిడ్డ ఐసీయూలో ఉంటే సాట్ ఎంత అని అడగడం మానొద్దు, అక్కడితో ఆగొద్దు. ఈ ఆరు గంటల్లో మూత్రం ఎంత వచ్చిందని అడగండి. హిమోగ్లోబిన్ ఎంత, లాక్టేట్ పొద్దున ఎంత, ఇప్పుడెంత అని అడగండి. లోపలికి పంపినప్పుడు మానిటర్ వైపు చూసే ముందు బిడ్డ అరికాళ్లు పట్టుకోండి. చల్లగా ఉంటే, నర్సును పిలిచి అప్పుడే చెప్పండి. “సాచురేషన్ 98 ఉందిగా” అని ఆమె విసుక్కున్నా సరే, డాక్టరును పిలిపించేదాకా అక్కడి నుంచి కదలొద్దు.